తండ్రి చూపిన అద్దము

నందిని యనగానే తెలుగువారికి వసిష్ఠాశ్రమమందలి హోమధేనువు స్మరణకు వచ్చును. సంతానమును కోరి దిలీప మహారాజు భక్తితో సేవించినది ఆ గోవునే. ఛత్తీస్‌గఢ రాష్ట్రమున, దుర్గు జిల్లాయందు, ఆ పేరుతోనే ఒక గనుల ఊరు కలదు. భిలాయి ఉక్కు కర్మాగారమునకు దశాబ్దములపాటు సున్నపురాయిని సమకూర్చినది ఆ నందినియే. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు భిలాయియందలి మొదటి ఊదుకొలిమిని ప్రారంభించిరి. ఆ కాలమునుండి ఆంధ్రదేశమును విడిచి, పొట్ట చేతబట్టుకొని, అక్కడకు పోయి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఎన్నియో కలవు. తండ్రి షిఫ్టు డ్యూటీకి పోవును. తల్లి ఇల్లు చక్కబెట్టుకొనును. పిల్లవాని భవిష్యత్తును గూర్చిన బెంగ మాత్రము ఇద్దరిదియు. తాతలు, మేనమామలు దగ్గర లేని పరాయి నేలమీద బిడ్డ చేతిని ఎంతకాలము పట్టుకొనవలెను? ఎన్నడు విడువవలెను? పట్టుకొన్నంత కాలము వాడు నడక నేర్వడు. తొందరపడి విడిచినచో పడిపోవును. ఈ సంకటము నందినిలోని తలిదండ్రులకు మాత్రమే కాదు, బిడ్డలు గల ప్రతి ఇంటికిని ఉన్నదే.

ఈ ప్రశ్నకు ఆ ప్రాంతముననే, నూటనలువది యేండ్లకు పైగా పూర్వము, ఒక తండ్రి తన నడవడిచేత సమాధానము చెప్పియున్నాడు. భిలాయికి తూర్పుగా, సుమారు 30 కిలోమీటర్ల దూరమున, రాయపూరు పట్టణమున్నది. 1877వ సంవత్సరమున కలకత్తా హైకోర్టు అటార్నీ యగు విశ్వనాథ దత్తుడు వృత్తికార్యముపై అచ్చటికి వచ్చి కొంతకాలము నివసించెను. అతని పెద్దకుమారునికి అప్పుడు 14 ఏండ్లు. పేరు నరేంద్రనాథుడు. లోకము తరువాత వివేకానంద స్వామి యని కొలిచినది ఆ బాలకునే. నేడు రాయపూరు విమానాశ్రయము ఆ పేరనే పిలువబడుచున్నది. అచ్చట దిగు ప్రయాణికులు స్వామి పేరును ఎరుగుదురు. ఆ పట్టణమున ఆ పిల్లవాడు తండ్రివద్ద ఏమి నేర్చెనో ఎరిగినవారు మాత్రము కొలదిమందియే.

తల్లి ఒడి, తండ్రి చావడి

నరేంద్రుడు 1863 జనవరి 12వ తేదీన కలకత్తాలోని సిమలా పేటయందు జన్మించెను. పితామహుడగు దుర్గాప్రసాదుడు యౌవనముననే ఇల్లు విడిచి సన్న్యాసియయ్యెను. కావున విశ్వనాథుడు తండ్రి నీడ యెరుగక, పినతండ్రి ఇంట పెరిగినవాడు. ఎవరి ఆధారమును లేక తన బుద్ధిబలముచే పైకి వచ్చినవాడగుటచే, ఒరుల కాళ్లపై నిలిచిన బ్రతుకు ఎట్టిదో అతనికి తెలియును. పారసీకము, ఆంగ్లము, సంగీతము అతనికి ప్రియమైన విద్యలు. తల్లి భువనేశ్వరీదేవి పెద్ద సంసారమును నిబ్బరముగ నడపిన ఇల్లాలు. రామాయణ భారత కథలు ఆమె నోట నరేంద్రుడు వినెను. వంగ భాషలోను ఆంగ్లములోను మొదటి అక్షరములు ఆమెయే నేర్పినది.

ఆ బాలుడు మిక్కిలి అల్లరివాడు. కోపము వచ్చినచో పట్టతరము కాకుండెను. అట్టి వేళల తల్లి కఱ్ఱ పుచ్చుకొనలేదు. శివనామమును ఉచ్చరించుచు తలపై చన్నీళ్లు పోసెడిది. అంతటితో వాడు చల్లారెడివాడు. బడిలో ఒకనాడు భూగోళ పాఠమున నరేంద్రుడు సరియైన సమాధానమునే చెప్పగా, ఉపాధ్యాయుడు అది తప్పని భ్రమించి కొట్టెను. బాలుడు ఏడ్చుచు ఇల్లు చేరినప్పుడు తల్లి బడిమీదికి తగవునకు పోలేదు. కొడుకును ఊరకుమ్మని అణచివేయనులేదు. చెప్పినది సత్యమే యైనచో దెబ్బలకు చింతింపనక్కరలేదనియు, ఫలితము ఎట్లున్నను సత్యమును విడువరాదనియు బోధించెను. ఒరులు మెచ్చినను నిందించినను తన నడతకు తానే సాక్షియని ఆ బాలునకు అప్పుడే మనసున నాటుకొనినది.

తండ్రి తీరు మరియొక విధము. అతని చావడిలో వేర్వేరు జాతులకు చెందిన కక్షిదారులకు వేర్వేరు హుక్కాలు అమర్చియుండెను. ఒకరిది వేరొకరు త్రాగినచో జాతి పోవునని పెద్దలు చెప్పగా విని, ఎవరును లేని సమయమున నరేంద్రుడు ఒక్కొక్క హుక్కాను నోటబెట్టి చూచెను. ఇంతలో తండ్రి లోనికి వచ్చి, ఏమి చేయుచున్నావని ప్రశ్నించెను. జాతి ఎట్లు పోవునో పరీక్షించుచున్నానని బాలుడు బెదరక చెప్పెను. విశ్వనాథుడు నవ్వి ఊరకుండెను. మరియొక పర్యాయము, పొరుగింటి సంపెంగ చెట్టుపై పిల్లలు వ్రేలాడుచుండుట చూచి ఒక వృద్ధుడు, ఆ చెట్టుమీద బ్రహ్మరాక్షసుడున్నాడనియు మెడలు విరిచివేయుననియు భయపెట్టెను. తక్కిన పిల్లలు దూరముగ పోయిరి. నరేంద్రుడు మాత్రము మరల చెట్టెక్కెను. ఆ మాట నిజమే యైనచో తన మెడ ఎన్నడో విరిగియుండవలెను గదా యని అతని తర్కము. ఒరులు చెప్పినంతమాత్రమున నమ్మక, స్వయముగ పరీక్షించి తెలిసికొనుట ఆ ఇంట నేరముగ పరిగణింపబడలేదు.

కాని స్వేచ్ఛకు అచ్చట హద్దు లేకపోలేదు. ఒకనాడు నరేంద్రుడు కోపావేశమున తల్లిని కఠినముగ పలికెను. విశ్వనాథుడు కేకలు వేయలేదు, చేయి చేసికొనలేదు. కుమారుడు తన స్నేహితులతో కూర్చుండు గది తలుపుమీద, నరేన్‌బాబు నేడు తల్లిని ఇట్టి ఇట్టి మాటలు అనినాడని బొగ్గుతో వ్రాసి, తన పనికి తాను పోయెను. వచ్చిన ప్రతి మిత్రుడును దానిని చదివెను. చదివినప్పుడెల్ల నరేంద్రుడు సిగ్గుతో తల వంచుకొనవలసి వచ్చెను. తండ్రి విధించిన శిక్ష ఏదియు లేదు. కొడుకు మాట కొడుకు కన్నుల యెదుట నిలువబెట్టుటయే ఆయన చేసిన పని. బెత్తము దెబ్బ మాపటికి మానును. అట్టి పాఠము జన్మాంతము నిలుచును.

పారిపోనివాడు

ఇట్లు పెరిగిన బాలుడు వేళ వచ్చినప్పుడు ఎట్లు నడచుకొనెనో చూపు ఉదంతము ఒకటి కలదు. నరేంద్రుడును అతని తోటివారును ఒక వ్యాయామశాలకు పోవుచుండెడివారు. ఒకనాడు బరువైన ఊయల కంబమును నిలువబెట్టుచుండగా జనులు గుమికూడిరి. వారిలోని ఒక ఆంగ్ల నావికుని నరేంద్రుడు సాయమునకు పిలిచెను. పైకెత్తుచుండగా కంబము జారి నావికుని తలకు తగిలెను. అతడు నెత్తురు కారుచు స్పృహ తప్పి పడిపోయెను. తెల్లవాడు చనిపోయినాడని తలచి, పోలీసులకు వెరచి, గుంపు చెల్లాచెదరయ్యెను. నరేంద్రుడును ఒకరిద్దరు మిత్రులును మాత్రము నిలిచిరి. తన ధోవతిని చింపి గాయమునకు కట్టుగట్టి, ముఖముపై నీళ్లు చల్లి, ప్రక్కనున్న పాఠశాలా భవనమునకు అతనిని చేర్చి, వైద్యుని పిలిపించి, ఒక వారము దినములు పరిచర్య చేసెను. నావికుడు కోలుకొనిన పిమ్మట మిత్రులవద్ద చందా వసూలుచేసి చేతికిచ్చి పంపెను.

పిల్లవాడు పిలువకున్నచో నావికుడు రాడు, రాకున్నచో గాయపడడు. కీడు తలపెట్టనిదే యైనను, దాని భారము తనదేనని ఆ బాలుడు గ్రహించెను. తప్పు జరుగునేమో యని పిల్లవానిని ఏ పనికిని దగ్గరకు రానీయకున్నచో, తప్పు జరిగినపుడు నిలుచుట వాడెన్నడు నేర్చును?

రాయపూరు బాట

1877లో విశ్వనాథుడు ముందుగా రాయపూరు చేరి, కొంతకాలమునకు కుటుంబమును రప్పించెను. తల్లిని, తోబుట్టువులను వెంటబెట్టుకొని వచ్చు భారము 14 ఏండ్ల నరేంద్రునిపై పడెను. రాయపూరునకు అప్పటికి రైలు మార్గము లేదు. నాగపూరువరకు రైలులో వచ్చి, అచ్చటినుండి ఎడ్లబండ్లపై పక్షము దినములకు పైగా దట్టమైన అడవులలో ప్రయాణింపవలసియుండెను. నాగపూరునుండి దుర్గు మీదుగా రాయపూరు పోవు పాతబాట నేటి భిలాయి పట్టణము నడుమనుండియే పోవుచున్నది. నేడు కర్మాగారపు పొగగొట్టములు కానవచ్చు ఆ సీమయందు ఆనాడు ఉక్కు లేదు, ఊదుకొలుములు లేవు.

ఆ త్రోవలో ఒకచోట రెండు కొండలు దగ్గరగా వంగి, బాటకు ఇరువైపుల పూలతోను తీగలతోను నిండియుండెను. ఒక కొండ నెఱియలో, శిఖరమునుండి నేలవరకును వ్రేలాడు పెద్ద తేనెపట్టును నరేంద్రుడు చూచెను. ఎన్ని తరముల తేనెటీగల శ్రమయో అది! ఆ చిన్న ప్రాణుల రాజ్యము ఎట్లు పుట్టి ఎట్లు పెరిగెనో తలపోయుచు అతడు బాహ్యస్మృతిని కోల్పోయెను. తెలివి వచ్చునప్పటికి బండి చాల దూరము పోయియుండెను. తన జీవితమున అట్టి తన్మయావస్థ కలుగుట అదియే మొదటిసారి యని తరువాతి కాలమున స్వామివారు చెప్పియున్నారు. కుటుంబ భారము వహించి పోవుచున్న బాలునకే అడవి మధ్య ఆ అనుభవము కలిగినది. భారము మనస్సును క్రుంగదీయునను భయము అన్నివేళల సరికాదు. నమ్మకముతో ఒప్పగింపబడిన భారము పిల్లవాని లోపలి కన్నును తెరచుటయు కలదు.

బడి లేని రెండేండ్లు

రాయపూరున అప్పుడు నరేంద్రునకు తగిన పాఠశాల లేకుండెను. వేరొక తండ్రియైనచో పిల్లవాని చదువు చెడిపోయెనని వగచియుండును. విశ్వనాథుడు తానే గురువయ్యెను. ఆతని బోధన పుస్తకమునకు కట్టుబడినది కాదు. కుమారునితో గంటల తరబడి అనేక విషయములను చర్చించెడివాడు. తన అభిప్రాయమును కుమారుని నెత్తిన రుద్దక, ఎదురాడి వాదించుటకు అవకాశమిచ్చి, వాని బుద్ధిని దాని త్రోవను నడువనిచ్చెను. ఇంటికి పండితులు వచ్చినప్పుడు బాలుడు వారి నడుమ కూర్చుండి వినెడివాడు. ఒక్కొక్కప్పుడు తన అభిప్రాయమును చెప్పెడివాడు. విశ్వనాథుని మిత్రుడొకడు, వంగ సాహిత్యమున పేరుగన్నవాడు, ఆ పిల్లవాడు ప్రసిద్ధ గ్రంథములనుండి పుటలకు పుటలు అప్పగించుట విని ఆశ్చర్యపడెను.

ఆ బాలునకు అభిమానము మెండు. తన బుద్ధిని ఎవరైన తక్కువ చేసినచో, వారు తండ్రి మిత్రులైనను సరకుగొనక ఎదిరించెడివాడు. అచ్చట విశ్వనాథుడు ఊరకుండలేదు. పెద్దల యెడ మర్యాద తప్పుటకు వీలులేదని మందలించెడివాడు. కుమారుని ఆత్మగౌరవమునకు లోలోపల ఆనందించుచునే, వాని నాలుకకు కళ్లెము వేసెను. అభిమానమును చంపక అహంకారమును అదుపు చేయుట కత్తిమీద సాము వంటిది. పిల్లవాని పౌరుషమును విరుగగొట్టు తండ్రులు కొందరు, దానికి పగ్గములే లేకుండ విడుచు తండ్రులు కొందరు. విశ్వనాథుడు ఆ రెంటి నడిమి త్రోవను పట్టెను.

ఆ కాలముననే తండ్రి వంట నేర్పెను. అతనికి పాకశాస్త్రమున మంచి ప్రవేశముండెను. కొడుకునకును అది అబ్బినది. చదరంగమును, సంగీతమును కూడ అచ్చట సాగినవి. మగపిల్లవానికి వంటయిల్లెందుకని ఎవరైన అడుగవచ్చును. తన కడుపునకు తాను వండుకొనలేనివాడు ఎంత చదివినను ఒకరి చేతి క్రిందివాడే. పిమ్మట పరివ్రాజకుడై దేశమంతయు తిరిగినప్పుడును, బేలూరు మఠమున శిష్యులకు స్వయముగ వండి వడ్డించినప్పుడును, అమెరికా మిత్రుల గృహములందు పొయ్యి ముందర నిలిచినప్పుడును స్వామివారికి ఉపయోగపడినది ఆ విద్యయే.

ఒకనాడు నరేంద్రుడు తండ్రిని సూటిగ ప్రశ్నించెను. తనకొరకు ఆయన ఏమి చేసియున్నాడని ఆ ప్రశ్నయొక్క భావము. విశ్వనాథుడు ఆస్తులను లెక్కింపలేదు. ఖర్చులను ఏకరువు పెట్టలేదు. పోయి అద్దములో తన రూపమును చూచుకొనుమని మాత్రము ఆదేశించెను. బాలుడు అంతయు గ్రహించి మరల మాటాడలేదు. దృఢమైన దేహము, నిర్భయమైన చూపు, స్వతంత్రమైన బుద్ధి, తప్పు చేసినచో సిగ్గుపడు మనస్సు, ఇవియే తండ్రి ఇచ్చిన ఆస్తి. మరియొకప్పుడు, లోకమున ఎట్లు మెలగవలెనని కొడుకు అడుగగా, దేనికిని ఆశ్చర్యమును కనబరుపవలదని చెప్పెను. రాజుల కొలువులోను బీదవాని గుడిసెలోను స్వామివారు ఒకే తీరున నిలువగలుగుటకు ఆ మాటయును తోడ్పడి యుండును.

1879లో కుటుంబము కలకత్తా చేరెను. తరగతులు తప్పిపోయినందున నరేంద్రుని బడిలో చేర్చుకొనుటకు ప్రత్యేకానుమతి కావలసివచ్చెను. ఏండ్ల తరబడి చదువవలసిన పాఠములను అతడు ఒక్క సంవత్సరమున ముగించి, ప్రవేశపరీక్షయందు ప్రథమ శ్రేణిలో కృతార్థుడయ్యెను. రాయపూరున చదువు ఆగలేదు. చదువుకొను శక్తి పెరిగినది.

విడిచిన చేయి

కళాశాల దినములలో నరేంద్రుడు తన ఇంటి సందడిని విడిచి, మాతామహి ఇంటి మేడమీది చిన్న గదిలో ఒంటరిగ చదువుకొనుచుండెను. నేలపై చిన్న పరుపు, పుస్తకములు, తంబుర, ఇవియే అచ్చటి సామగ్రి. భోగమునకు లోటులేని ఇంటి బిడ్డ అట్లుండుటకు తండ్రి అడ్డుచెప్పలేదు. కొడుకు న్యాయవాది కావలెనని విశ్వనాథుని కోరిక. ఒక అటార్నీవద్ద పని నేర్చుకొనుటకు చేర్చెను. గొప్ప కట్నముతో ధనవంతుల సంబంధములు వచ్చినప్పుడు వివాహమునకు ఒప్పింప చూచెను. నరేంద్రుడు సమ్మతింపలేదు. తండ్రి మనస్సు నొచ్చుకొనియుండును; అయినను బలవంతపెట్టలేదు.

స్వతంత్రముగ ఆలోచింప నేర్పిన తండ్రికి వచ్చు నిజమైన పరీక్ష ఇదియే. పిల్లవాడు తన బుద్ధితో నడువవలెనని కోరుట సులభము. వాని బుద్ధి మన కోరికకు విరుద్ధముగ నడచినప్పుడు ఓర్చుకొనుట కష్టము. మనము చూపిన త్రోవలోనే నడువవలెనను నిబంధనతో ఇచ్చునది స్వాతంత్ర్యము కాదు, పొడుగైన త్రాడు మాత్రమే.

1884 ఫిబ్రవరి 25వ తేదీ రాత్రి విశ్వనాథుడు గుండెజబ్బుతో హఠాత్తుగ మరణించెను. బి. ఏ. పరీక్ష వ్రాసి ఫలితమునకై ఎదురుచూచుచున్న నరేంద్రుడు ఆ రాత్రి వరాహనగరమున మిత్రుల ఇంటనుండెను. వార్త విని పరుగున వచ్చి, పెద్దకొడుకుగ కర్మ చేసెను. ఇంటి లెక్కలు చూడగా ఆదాయముకంటె వ్యయము హెచ్చు, మిగిలినవి అప్పులే. విశ్వనాథుడు ఉదారుడు. సోమరులగు చుట్టములను కూడ పోషించుచుండెను. పూర్వమొకప్పుడు కొడుకు దానిని ఆక్షేపింపగా, సంసార దుఃఖము ఎంతటిదో తెలిసిననాడు వారిపై జాలి కలుగునని చెప్పియుండెను. ఆ జాలి మంచిదే. కాని తన ఇంటివారి రేపటి కూటిని గూర్చిన చింత అందు లోపించినది. కొడుకును స్వతంత్రునిగ తీర్చిన తండ్రియే కుటుంబమును నిరాధారముగ విడిచిపోయెను. ఈ లోపమును కప్పిపుచ్చి చెప్పుట సత్యము కాదు.

నరేంద్రుడు అశౌచదినములు తీరకమునుపే ఉద్యోగమునకై తిరుగనారంభించెను. అర్జీ చేతబట్టి, చెప్పులు లేక, మండుటెండలో ఆఫీసునుండి ఆఫీసునకు నడచెను. ఎచ్చటను తలుపు తెరువబడలేదు. ఇంటిలో అందరికిని చాలినంత అన్నము లేదని తెలిసిన దినములలో, ఒకచోట భోజనమునకు పిలుపున్నదని తల్లితో చెప్పి బయటకు పోయి పస్తుండెడివాడు. నిన్నటివరకు ఇంట తిని తిరిగిన చుట్టములే పిత్రార్జితమగు గృహభాగముపై వ్యాజ్యమునకు దిగిరి. అట్టి స్థితిలో ధనమునకై అడ్డదారులు చూపిన వారును ఉండిరి. ఆతడు వానిని త్రోసివేసెను. బొగ్గు వ్రాతను చూచి సిగ్గుపడ నేర్చినవానికి చాటున చేయు తప్పు అనునది ఉండదు.

ఆ దినములలో అటార్నీ కార్యాలయమున కొంత పని, కొంతకాలము ఉపాధ్యాయత్వము, గ్రంథముల అనువాదము ఇవి అతని జీవనోపాయములు. ఆ అనువాదములలో ఒకటి ఆంగ్ల తత్త్వవేత్త హెర్బర్టు స్పెన్సరు 1861లో ప్రకటించిన విద్యాగ్రంథము. పిల్లలను శిక్షించుటకంటె, తమ చేతల సహజఫలమును తమనే అనుభవింపనిచ్చుట మేలని ఆ గ్రంథము బోధించును. ఆటవస్తువులను చిందరవందర చేసిన పిల్లవాడు తానే వానిని సర్దవలెను. షికారునకు వేళకు సిద్ధము కాని బాలికను ఇంట విడిచి పోవలెను. కలము చెక్కు చాకును పారవేసికొన్నవాడు తన డబ్బుతోనే మరియొకటి కొనుక్కొనవలెను. తన్ను తాను పాలించుకొనగల మనుష్యుని తయారుచేయుటయే పెంపకమునకు గమ్యము, ఒరుల పాలనకు లొంగువానిని కాదు. విశ్వనాథుడు తలుపుపై బొగ్గుతో వ్రాసినది ఇట్టి సూత్రమునే. తండ్రి చేత చేసి చూపిన దానిని, తండ్రి పోయిన పిమ్మట, కుటుంబమునకు కూడు సంపాదించుటకై కుమారుడు వంగభాషలోనికి దించుచుండెను!

తల్లి ఋణము

ఆకలి ఒకవైపు, ఈశ్వరాన్వేషణ మరియొకవైపు నరేంద్రుని లాగుచుండెను. కుటుంబ దారిద్ర్యము తీరునట్లు జగన్మాతను ప్రార్థింపుడని దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులను అతడు అర్థించెను. గురుదేవులు ఆ పనిని తాము చేయక, ఆతనినే ఆలయమునకు పంపిరి. ముమ్మారు పోయియు అతడు ధనమును అడుగలేకపోయెను. వివేక వైరాగ్య జ్ఞాన భక్తులనే అడిగి వచ్చెను. తుదకు, ఇంటివారికి సామాన్యమైన అన్నవస్త్రములకు కొరత కలుగదని గురుదేవులు అభయమిచ్చిరి. శిష్యుని ప్రార్థన శిష్యుడే చేయవలెను, శిష్యుని ఎన్నిక శిష్యుడే చేసికొనవలెను. తండ్రి మొదలిడిన శిక్షణమును గురువు ఆ విధముగ పూర్తిచేసెను.

సన్న్యాసియైన పిమ్మటను ఆతడు చేతులు దులుపుకొనలేదు. వరాహనగర మఠమునుండి న్యాయస్థానమునకు పోయి సాక్ష్యమిచ్చెను. ప్రతిపక్ష న్యాయవాది అడిగిన ప్రశ్నలకు తడబడక బదులు చెప్పెను. 1887లో హైకోర్టు తీర్పు భువనేశ్వరీదేవికి అనుకూలముగ వచ్చెను. తరువాత ఖేత్రి మహారాజు అజిత్‌సింగు కుటుంబమునకు నెలకు 100 రూపాయలు పంపు ఏర్పాటు చేసెను. 1898లో, తల్లి జీవించియున్నంతవరకు అది ఆగకుండ చూడుడని స్వామివారు ఆయనను వేడుకొనిరి. తనకొరకు ఎవరినడుగుటకును సంకోచించు ఆ విరాగి తల్లికొరకు చేయి చాచుటకు వెనుదీయలేదు.

లోకసేవలో మునిగి తల్లిని బాధపెట్టితినను వేదన వారిని చివరివరకును విడువలేదు. 1901లో ఆమెను తూర్పు వంగదేశమునకు, చంద్రనాథ కామాఖ్యా క్షేత్రములకు తీసికొనిపోయి తీర్థయాత్ర చేయించిరి. చుట్టములతో మిగిలిన ఆస్తి తగవును పట్టుబట్టి పరిష్కరించినది 1902లో, మహాసమాధికి కొలది దినములు ముందు. ఆ సంవత్సరము జూలై 4వ తేదీన, 39 ఏండ్ల వయస్సున, దేహమును విడిచిరి. తల్లి 1911వరకు జీవించెను. బొగ్గుతో వ్రాసిన ఆ తలుపు ఎన్నడో పోయినది. తల్లిని నొప్పించిన పిల్లవాడు మాత్రము ఆ వ్రాతను మనస్సున మోసి, జీవితాంతము ఆ ఋణమును తీర్చుకొనుచునే యుండెను.

రాతిలోని ఇనుము

విద్యను గూర్చి స్వామివారు ఇచ్చిన ఉపదేశము ఈ బాల్యమునుండి వేరు కాదు. మొక్కను లాగి పెంచుటకు వీలులేనట్లే పిల్లవానిని ఎవరును పెంచలేరని వారి మతము. పిల్లవాడు తన్ను తానే నేర్చుకొనును. పెద్దలు చేయదగినది అడ్డములను తొలగించి, నేలను గుల్లచేసి, నీరుపోసి, పశువులు తినకుండ కంచె వేయుటయే. కొట్టి కొట్టి గాడిదను గుఱ్ఱముగ చేయవచ్చునని నమ్మినవాని తీరున సాగు చదువును వారు తీవ్రముగ నిరసించిరి. జ్ఞానము లోపలనే యున్నది. బయటినుండి పోయునది కాదు.

ఇది భిలాయి కొలిమివద్ద పనిచేయువానికి సుబోధము. దల్లీరాజహరా కొండలనుండి వచ్చు ఖనిజములో ఇనుము ముందే యున్నది. నందిని సున్నపురాయి ఇనుమును పుట్టింపదు. కొలిమి వేడిమిలో తాను సున్నముగ మారి, ఖనిజములోని మలినముతో కలిసి, దానిని చిట్టెముగ వేరుచేయును. ఇనుము తన బరువుతో తానే అడుగునకు చేరును. తలిదండ్రుల పనియు అంతియే. కాని కొలిమి వేడిమి లేక అది జరుగదు. చిన్న పని, చిన్న బాధ్యత, చిన్న నష్టము, చిన్న సిగ్గు, ఇవియే ఆ వేడిమి. తన సంచి తాను సర్దుకొనుట, తన పళ్లెము తాను కడుగుకొనుట, చెల్లెలిని బడినుండి తోడ్కొని వచ్చుట, అంగడిలో లెక్క తప్పినచో ఇంట నిజము చెప్పుట అను వానినుండి దీనిని ఆరంభింపవచ్చును. పోటీ పరీక్షల శిక్షణమునకు పేరొందిన పట్టణమున ఎంతటి మార్కులు వచ్చినను, ఈ చిన్న పనులు చేతగానివాడు తండ్రి చేయి వదలిననాడు నిలువలేడు.

దిలీపుడు నందినిని సేవించిన తీరు తెలుగువారు ఎరిగినదే. ఆ రాజు గోవునకు పలుపు వేయలేదు. అది నిలిచినచోట నిలిచి, నడచినచోట నడచి, తన యిచ్చ వచ్చిన పచ్చికను మేయనిచ్చెను. సింహము పైబడిన వేళ మాత్రము తన దేహమునే అడ్డుగ పెట్టెను. నీడవలె వెంట నుండుట, పలుపు వేయకుండుట, ప్రాణాపాయమున అడ్డుపడుట, ఈ మూడును కలిసినదే సంతాన పాలనము. పలుపుతో కట్టి మేపుట సులభము. నీడవలె వెంట నడచుటకే ఓర్పు కావలెను. విశ్వనాథుడు రాయపూరున ఓర్చినది అట్లే. తన బిడ్డ ఒకనాడు అద్దము ముందు నిలిచి, కనబడు రూపమునకు తానే బాధ్యుడనని గ్రహించువరకు ఏ తండ్రియైనను అట్లు ఓర్వవలసినదే.